కాలిపోయిన 188 పుస్తకాలు, పోయిన నా ఫోను

పోయిన నెల నంద్యాల నుంచి బనగానపల్లెకి వచ్చే బస్సులో నా ఫోన్ పోయింది.

ఫోన్ పోతే ఎవరైనా ఏం చేస్తారు? ముందు సిమ్ బ్లాక్ చేయిస్తారు. తర్వాత యూపీఐ ఆపిస్తారు. ఆ తర్వాత ఇంట్లోవాళ్లతో తిట్లు తింటారు. ఈ మూడూ వరసగా అయిపోయి, రాత్రి మిద్దె మీద పడుకున్నాక గానీ నాకు అసలు సంగతి గుర్తు రాలేదు. ఫోటోలు! 'స్టోరేజ్ నిండిపోయింది' అని ఆ ఫోన్ ఏడాదిగా మొత్తుకుంటూనే ఉంది. నేను ప్రతిసారీ 'తర్వాత' అని నొక్కుతూ వచ్చాను. అంటే బ్యాకప్ లేదు. పదకొండు వేల చిల్లర ఫోటోలు గాల్లో కలిసిపోయాయి.

అందులో పది వేలు పోయినా నాకు నిజంగా బాధ లేదు. బిర్యానీ ప్లేట్లు, జిరాక్స్ కోసం తీసిన ఆధార్ కార్డు, ఎవరో పంపిన గుడ్ మార్నింగ్‌లు, ఎందుకు తీశానో నాకే తెలియని స్క్రీన్‌షాట్లు. కానీ ఓ నలభై ఫోటోలు మాత్రం మా జేజినాయన మామిడితోటవి.

ఆ తోట ఇప్పుడు లేదు. పోయినేడు అమ్మేశాం. అమ్మక తప్పని పరిస్థితి, ఎవరినీ అనడానికి లేదు. కొన్నవాళ్లు చెట్లు కొట్టించి, ఎర్రమట్టి చదును చేయించి, సున్నం పూసిన రాళ్లు పాతి ప్లాట్లు వేశారు. చెట్లు కొట్టే ముందు రోజు నేను పొద్దున్నే వెళ్లి టకటకా నలభై ఫోటోలు తీసుకుని, 'హమ్మయ్య, దాచేశాను' అనుకుని వచ్చేశాను. దేశమంతా మా ఊరి పేరు చెప్పుకుని పండు తింటుంది. 2017లో బంగినపల్లి మామిడికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మా ఇంటికి మాత్రం ఈ ఎండాకాలం పళ్లు బజారు నుంచి కొనుక్కొచ్చారు.

కొత్త ఫోన్ కొన్నరోజు నా ఫ్రెండ్ ఓదార్పుగా ఒక వాల్‌పేపర్ పంపింది. నీలిరంగు రాత్రి. ఎత్తయిన పైన్ చెట్ల గుంపు, వాటి వెనక నిండు చందమామ. చెట్ల కింద గడ్డి కప్పిన పల్లెటూరి ఇల్లు. ఆ ఇంట్లో ఒక్కచోట పసుప్పచ్చటి వెలుగు. అంతే. మనిషి కనిపించడు, కానీ లోపల ఎవరో మేలుకుని ఉన్నారని తెలుస్తూ ఉంటుంది.

ఏఐ బొమ్మేమో అనుకున్నా. కాదు. 1930లో టోక్యోలో అచ్చు వేసిన చెక్క అచ్చు బొమ్మ. పేరు 'మగోమె చందమామ'. గీసినాయన కవాసె హసుయి. ఆ పేరు పట్టుకుని వెతుక్కుంటూ పోతే, ఆయన కథ నా ఫోన్ కథకే వచ్చి తగిలింది. ఈ వారం కాలమ్ అందుకే ఆయన గురించి.

హసుయి 1883లో టోక్యోలో పుట్టారు. ఇంట్లో తాళ్లు, దారాల వ్యాపారం. ఈయనకేమో చిన్నప్పటి నుంచీ బొమ్మల పిచ్చి. కానీ ఇంటికి పెద్దకొడుకు. మన దగ్గర సంగతి తెలిసిందే కదా, పెద్దకొడుకు కొట్లో కూర్చోవాలి. కూర్చున్నారు. చివరికి ఆ వ్యాపారం దివాలా తీసింది. అప్పుడు ఆయనకి ఇరవై ఆరేళ్లు. ఇంట్లోవాళ్లకి అది కష్టమే, ఈయనకి మాత్రం తలుపు తెరుచుకున్నట్టయింది. కబురాకి కియోకత అనే పేరున్న చిత్రకారుడి దగ్గరికెళ్లి శిష్యుడిగా చేర్చుకోమని అడిగారు. వయసు ముదిరిపోయిందని చెప్పి, పాశ్చాత్య పద్ధతి చిత్రకళ నేర్చుకోమని పంపేశారు. వెళ్లి అదీ నేర్చుకుని, రెండేళ్ల తర్వాత మళ్లీ అదే గుమ్మం ముందు నిలబడ్డారు. ఈసారి చేర్చుకున్నారు. 'హసుయి' అన్న పేరు పెట్టింది ఆ గురువే.

మొదటి చెక్క అచ్చు బొమ్మలు వచ్చింది 1918లో. అంటే ముప్ఫై అయిదేళ్ల వయసులో. చుట్టాలు పెళ్లిళ్లలో పట్టుకుని 'ఇంకా సెటిల్ కాలేదా' అని అడిగే వయసు. అక్కడి నుంచి 1957లో చనిపోయేదాకా ఆయన ఆరు వందలకు పైగా బొమ్మలు చేశారు. దాదాపు అన్నీ చోట్లే. పల్లెలు, కాలవ గట్లు, గుడిమెట్లు, వానలో వంతెన, మంచులో ఒంటరి ఇల్లు. మనుషులుంటే ఒకళ్లో ఇద్దరో, అదీ గొడుగు వేసుకుని వీపు మనవైపు తిప్పి నడిచిపోతూ.

అసలు చెక్క అచ్చు బొమ్మ ఎలా చేస్తారో తెలుసుకున్నాక ఆ వాల్‌పేపర్‌ని నేను చూసే తీరే మారిపోయింది. ముందు చిత్రకారుడు గీస్తాడు. ఆ గీతల్ని పల్చటి కాగితం మీదకి ఎక్కించి, చెర్రీ చెక్క మీద బోర్లా అంటిస్తారు. చెక్కేవాడు గీత ఉన్నచోట వదిలేసి, లేనిచోటంతా తవ్వేస్తాడు. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన ఆగి శిల్పులు ఉలి దెబ్బలు కొట్టడం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే వెనక్కి తీసుకోలేరు. ఇక్కడ అన్‌డూ బటన్ లేదు. పైగా ఇక్కడ అంతా అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి.

గీతలకి ఒక అచ్చు. ఆ తర్వాత రంగురంగుకీ విడిగా అచ్చు. అచ్చు వేసేవాడు చెక్క మీద నీళ్ల రంగు, కాస్త బియ్యప్పిండి జిగురు కలిపి పూసి, తడి కాగితం పరిచి, వెనక నుంచి వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్లతో రుద్దుతాడు. ఒక రంగు అయ్యాక ఇంకో అచ్చు, ఇంకో రంగు, మళ్లీ అదే కాగితం. కాగితం వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడుతుంది. అందుకని ప్రతి చెక్కకీ మూలన గుర్తు చెక్కుతారు, కాగితం అంచు అక్కడే ఆనాలి. ఆకాశం పైన ముదురు నీలం నుంచి కిందికి వచ్చేసరికి తెల్లగా తేలిపోతుంది చూశారా, అది ఫిల్టర్ కాదు. ప్రతి కాగితానికీ అచ్చు మీద రంగుని చేత్తో కాస్త కాస్త పల్చన చేయాలి. ఆయన చేసిన గుడి బొమ్మ ఒకటుంది, 'మంచులో జోజోజి'. 1953లో ఈ పనితనాన్ని రికార్డు చేసి పెట్టాలని జపాన్ ప్రభుత్వ సంస్థే దాన్ని చేయించింది. ఆ ఒక్క బొమ్మకి కాగితం నలభైసార్లకు పైగా అచ్చుకింద పడింది.

గీసేవాడు, చెక్కేవాడు, అచ్చు వేసేవాడు. వీళ్ల ముగ్గురినీ కూర్చోబెట్టి డబ్బు పెట్టేవాడు నాలుగోవాడు. హసుయికి ఆ నాలుగో మనిషి వతనబె షోజబురో. పాత పద్ధతి చెక్క అచ్చు పని చచ్చిపోతున్న రోజుల్లో దాన్ని నిలబెట్టాలని కంకణం కట్టుకున్న ప్రచురణకర్త. ఈ కొత్తతరం బొమ్మల్నే 'షిన్ హంగ' అంటారు, అంటే కొత్త అచ్చుబొమ్మలని.

ఇక అసలు కథ. 1923 సెప్టెంబరు 1. మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా టోక్యో ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. వంటల వేళ. పొయ్యిలు వెలుగుతున్నాయి, ఇళ్లన్నీ చెక్కవి. కంపించి కూలిన దానికంటే అంటుకుని కాలిందే ఎక్కువ. లక్షమందికి పైగా చనిపోయారు. వతనబె కొట్టు కాలిపోయింది. అప్పటిదాకా చెక్కించిన అచ్చులు, అమ్మకానికి ఉంచిన బొమ్మలు బూడిద. హసుయి ఇల్లూ కాలిపోయింది. ఆ ఇంట్లో ఆయన ఊరూరా తిరిగి నింపుకున్న స్కెచ్ పుస్తకాలు ఉన్నాయి. 188 పుస్తకాలు.

ఆ అంకె చదివినప్పుడు నేను ఫోన్ కాసేపు పక్కన పెట్టేశాను. నా పదకొండు వేలకీ ఆయన 188కీ పోలికేమిటి? ఆయన ఒక్కో పేజీ కోసం ఒక్కో చోట నిలబడ్డారు. చలిలో, వానలో. నేను ఒక్క నిమిషం కూడా నిలబడలేదు.

తర్వాత ఆయన ఏం చేశారో అదే నన్ను పట్టుకుంది. కొన్ని వారాలకే, వతనబె కూడా వెన్ను తట్టడంతో, కొత్త పుస్తకం పట్టుకుని రైలెక్కారు. పడమటి జపాన్ అంతా తిరిగారు. 102 రోజులు. ఆయన జీవితంలోనే అంత పొడుగు ప్రయాణం అది. 'ప్రయాణపు కానుకలు' పేరుతో ఆయన అంతకుముందు రెండు వరసల బొమ్మలు చేసి ఉన్నారు. తిరిగొచ్చాక 1924 నుంచి మూడో వరస మొదలైంది. 1925లో వచ్చిన 'షిబాలోని జోజోజి', ఎర్రటి గుడి ముందు మంచుతుపానులో గొడుగు పట్టుకున్న ఆవిడ బొమ్మ, ఆయన బొమ్మలన్నిటిలోకీ ఎక్కువ అమ్ముడుపోయినవాటిలో ఒకటి. మొదట చెప్పిన 'మగోమె చందమామ' కూడా అంతే. ఇవాళ హసుయి అంటే లోకం గుర్తుపెట్టుకున్న బొమ్మల్లో చాలా భాగం ఆ మంటల తర్వాత పుట్టినవే.

మగోమె అప్పట్లో టోక్యో శివారు పల్లె. ఇప్పుడు టోక్యోలో కలిసిపోయిన ఒక పేట. అక్కడికెళ్లి ఆ గడ్డి ఇల్లు ఏదని అడిగితే చూపించేవాళ్లు ఉండరు. 1920లో ఆయన చేసిన తెరాషిమ ఊరి బొమ్మ ఇంకొకటుంది. సాయంత్రం, మంచు, కాలవ పక్కన దారి, ఆ దారి వెంబడి కరెంటు స్తంభాలు. ఆ ఊరు కూడా మహానగరం కడుపులోకి వెళ్లిపోయింది. నాకు ఆ స్తంభాలే నచ్చాయి. నేనైతే ఫోటోలో ఎడిట్ చేసి తీసేసేవాణ్ని. ఆయన ఉంచేశారు.

అలాగని హసుయి మీద విమర్శ లేకపోలేదు. జపాన్ అంతా ఫ్యాక్టరీలతో, యుద్ధాల తయారీతో హోరెత్తుతుంటే ఈయన ప్రశాంతమైన పల్లెలు గీసి విదేశాలకి అమ్మాడని అనేవాళ్లున్నారు. అందులో నిజముంది. షిన్ హంగకి అమెరికాలో గిరాకీ ఎక్కువ. 1930లో అక్కడి టొలెడో మ్యూజియంలో పెద్ద ప్రదర్శనే పెట్టారు. మన చేతుల్లో ఉన్న స్మార్ట్‌ఫోన్‌కి దారి వేసిన స్టీవ్ జాబ్స్ కూడా హసుయి బొమ్మలు కొనుక్కుని దాచుకున్నవాడే. 1984లో మెకింటాష్ కంప్యూటర్‌ని లోకానికి చూపించినప్పుడు తెర మీద కనిపించిన తల దువ్వుకునే ఆవిడ బొమ్మ కూడా హషిగుచి గోయో అనే ఇంకో షిన్ హంగ చిత్రకారుడిదే. పల్లె అందంగా కనపడేది దాన్ని వదిలి వచ్చినవాళ్లకేనేమో అని నాకూ అనుమానం. మా తోటలో కలుపు తీసినవాళ్లు ఎవరూ అక్కడ సెల్ఫీ తీసుకోగా నేను చూడలేదు.

మరి మన పల్లెని ఇలా అచ్చుకెక్కించినవాళ్లు లేరా? ఉన్నారు. మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె.లక్ష్మాగౌడ్. హైదరాబాద్‌లో చదివి, బరోడా వెళ్లి కె.జి.సుబ్రమణ్యన్ లాంటి గురువు దగ్గర అచ్చుబొమ్మల పని నేర్చుకుని, మళ్లీ తన ఊరినే బొమ్మల్లోకి తెచ్చుకున్నారు. ఆయనది ఎక్కువగా చెక్క కాదు, ఎచింగ్. లోహపు రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచితే గీసినచోట మాత్రమే రేకు తింటుంది. ఆ గాడిలో సిరా నింపి కాగితం మీద ఒత్తుతారు. హసుయి ఊళ్లలో మనుషులు వెళ్లిపోతూ ఉంటారు. లక్ష్మాగౌడ్ ఊళ్లో మనుషులు, మేకలు, చెట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని, సిగ్గూ మొహమాటం లేకుండా మన మొహంలోకి చూస్తాయి. 2016లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. చెక్క మీద తిరగేసి చెక్కే చేతులు కూడా మనకి లేకపోలేదు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ బట్టల కోసం టేకు చెక్క మీద పూలు, లతలు చెక్కే పని ఇప్పటికీ ఉంది.

మా బనగానపల్లెని మాత్రం అలా చెక్కినవాళ్లెవరూ నాకు తెలియదు. ఊరి అవతల నవాబు బంగళాని 'అరుంధతి' సినిమా వచ్చాక అందరూ ఫోటో తీసుకుంటారు. యాగంటి బసవన్నతో సెల్ఫీలు లెక్కలేనన్ని. కానీ నాపరాళ్లు నిలబెట్టి కట్టిన చేని గోడ, నాపరాతి గనుల అంచున పేర్చిన బండల మీద సాయంత్రం ఎండ, తోటలో మంచం కింద పడుకున్న కుక్క, వీటిని ఎవరు చూస్తారు?

హసుయి కథ చదివి నాకు వచ్చిన చిక్కొకటుంది. ఆయన పుస్తకాలు కాలిపోయినా చోట్లు మిగిలాయి. రైలెక్కి వెళ్లి మళ్లీ చూడగలిగారు. నా సంగతి తిరగబడింది. ఫోటోలూ లేవు, తోటా లేదు. నేను ఏ రైలెక్కాలి?

పోయిన ఆదివారం రెండు వందల పేజీల నోటుబుక్కు, ఒక పెన్సిలు కొనుక్కున్నా. బొమ్మలు వేయడం నాకు రాదు, బడిలో మామిడికాయ వేస్తే వంకాయ అనేవాళ్లు. మా అవ్వ పక్కన అరుగు మీద కూర్చుని తోట గీయడం మొదలుపెట్టా. ముందు గోడ. తర్వాత గేటు. తర్వాత మొదటి చెట్టు. అక్కడే ఆగిపోయా. మొదటి కొమ్మ ఎడమవైపు వంగి ఉండేదా, కుడివైపా? నలభై ఫోటోలు తీసినవాణ్ని, ఒక్క చెట్టు మొదలు ఎలా ఉండేదో చెప్పలేకపోయాను.

అవ్వ కాసేపు చూసింది. "యాందిరా ఇది?" అంది.

"మన తోట అవ్వా."

"మన తోటేనా? బాయి యాడుంది మరి?"

"బావెక్కడిది? నేనెప్పుడూ చూడలేదే."

"నువ్వు పుట్టకముందే పూడ్చినారు. మీ నాయన చిన్నప్పుడు దాంట్లో పడితే మీ జేజినాయన దూకి తీసినాడు. ఈ తట్టు వెయ్యి. ఇంకా ఇవతలికి. ఆ... ఆడ."

వేశాను. దాంతో ఆమె ఆగలేదు. మూలనున్న చెట్టు బేనిషా కాదట, నీలం. అంటు తెచ్చి నాటింది జేజినాయన అయితే, మొదటి రెండేళ్లు కుండతో నీళ్లు మోసి బతికించింది తనట. గోడలో ఒకచోట రాయి లేక సందు ఉండేదట, అందులోంచి పక్క చేనామె మజ్జిగ ఇచ్చేదట. ఇవేవీ నా నలభై ఫోటోల్లో లేవు. ఫోన్ పోకపోయి ఉంటే నేను అవ్వకి స్క్రీన్ చూపించేవాణ్ని, ఆమె 'బాగుండాయి నాయనా' అనేది, నేను జేబులో పెట్టుకునేవాణ్ని. అంతటితో అయిపోయేది.

అప్పుడర్థమైంది, నేనెక్కాల్సిన రైలు మా అరుగేనని. అవ్వకి ఎనభై దాటింది. ఆ తోట ఇప్పుడు ఉన్నది ఆమె దగ్గర ఒక్కచోటే. దానికీ బ్యాకప్ లేదు.

మీకూ ఇలాంటి చోటు ఒకటి ఉండే ఉంటుంది. పోయిందో, పోబోతోందో. ఫోటో తీయొద్దని నేను చెప్పను, నేనూ తీస్తాను. కానీ తీశాక ఒక పది నిమిషాలు అక్కడే నిలబడండి. చోటు పోయి మనిషి మిగిలి ఉంటే, ఆ మనిషి పక్కన కూర్చుని ఒక తప్పు బొమ్మ వేయండి. దిద్దడానికైనా వాళ్లు నోరు విప్పుతారు.

హసుయి చివరి బొమ్మ హిరాయిజుమిలోని గుడి. మంచులో ఒక భిక్షువు ఒంటరిగా మెట్లెక్కి పోతుంటాడు. అది పూర్తిగా అచ్చై వచ్చేసరికి హసుయి లేరు. మిగతా పని చెక్కేవాళ్లు, అచ్చు వేసేవాళ్లు పూర్తిచేశారు.

నా బొమ్మ ఇంకా సగంలోనే ఉంది. నిన్న రాత్రి ఫోన్ చేస్తే అవ్వ బాగున్నావా అని కూడా అడగలేదు. "బండి దారి వెయ్యలేదు గదరా నువ్వు. దారి లేకుండా తోటలోకి యెట్ల పోతారు?" అంది.

ఈ ఆదివారం వెళ్లి దారి వేయాలి.